గురువారం ముప్పై ఎనిమిది కిలోమీటర్లు

పోయినవారం మీరు నన్ను కవాలా చేపల రేవులో, ఫోతిస్ గాడి వ్యాను తలుపు పట్టుకుని నిలబడ్డ మనిషిగా వదిలేసి వెళ్ళారు. ఇంకా అక్కడే ఉన్నాను. చేయి నొప్పి పుడుతోంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. నా పేరు లాజరోస్. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళని నా ఎర్ర లాడా కారులో ఎక్కించుకుని కోట, ఒకప్పుడు ఊరికి నీళ్ళు మోసిన కమానులు, పాత పొగాకు గోదాములు తిప్పుతూ కథలు చెప్పడం నా బతుకు. కథల్లో కాస్త నిజం కూడా కలుపుతాను, రుచి కోసం. నా పెళ్ళాం అనతోలి ప్రతి గురువారం మధ్యాహ్నం ఆ లాడా తీసుకుని "పై పేటలో అమ్మ దగ్గరికి" అని బయల్దేరుతుంది. వాళ్ళమ్మ ఇల్లు మా వంటింట్లోంచి కేకేస్తే వినపడుతుంది. కారు మాత్రం ముప్పై ఎనిమిది కిలోమీటర్లు తిరిగి వస్తోంది. మీటరు నాకు అబద్ధం చెప్పదు, మా ఇంట్లో అబద్ధాలు చెప్పేది నేనొక్కణ్ణే. వరసగా ఆరు గురువారాలు ముప్పై ఎనిమిదే.

పైగా డ్రైవరు పక్క సీటు బాగా వెనక్కి జరిపి ఉంటోంది, పొడుగు కాళ్ళవాడెవడో కూర్చున్నట్టు. సీటు మీద తెల్లటి పొడి. వేలు అద్ది నాకి చూశాను. పొడి చక్కెర. వెన్న వాసన కూడా.

మా ప్రాంతం మొత్తానికి పొడుగు కాళ్ళూ పొడి చక్కెరా రెండూ ఉన్న మనిషి ఒక్కడే. ప్రోద్రొమోస్. నేయా కార్వాలీలో కురాబియేలు కాలుస్తాడు. ఆ బాదం బిస్కెట్లు వాడు చేస్తే నోట్లో పెట్టుకోగానే మాయమైపోతాయి, మీసం మీద చక్కెర మాత్రం సాక్ష్యంగా మిగులుతుంది. వాడు నాకు ఊరికే స్నేహితుడు కాదు, నా కుంబారోస్. మా పెళ్ళిలో మా ఇద్దరి తలల మీది పూల కిరీటాలు మూడుసార్లు అటూ ఇటూ మార్చినవాడు. అది చేసినవాడు మాకు సొంత తమ్ముడి కంటే ఒక మెట్టు పైన. వాడి మీద అనుమానం అని నోరు జారితే కవాలాలో నాకు కాఫీ పోసేవాడు కూడా ఉండడు.

అందుకే ఎవరికీ చెప్పకుండా నేనే వెతికాను. ముప్పై ఎనిమిదిలో సగం పంతొమ్మిది. పడమటికి పంతొమ్మిది వెళ్తే నేయా పెరామోస్ దాటి ఒక ద్రాక్షతోట. అక్కడ ఒక ముసలావిడ నాకు చెంబెడు కొత్త సారా పోసింది, అంతే. తూర్పుకి పంతొమ్మిది వెళ్తే మొక్కజొన్న చేలో దారి ఆగిపోయింది. దక్షిణాన సముద్రం. లాడా ఈదలేదు. ఒకసారి ఈదింది, అది వేరే కథ. మిగిలింది ఉత్తరం.

ఇదంతా ఎందుకంటే, నాకు తెలియాల్సింది ఒక్కటే. అనతోలి ఇంకా నాదేనా, కాదా?

"వ్యాను తాళాలివ్వరా ఫోతిస్."

"దేనికి?"

"ఉత్తరానికి."

"ఉత్తరాన నీకేం పని? అక్కడ చేపలు తినరు, బురదలో పొర్లుతారు."

"పొర్లనీ. తాళాలివ్వు."

ఫోతిస్ నా మొహం చూశాడు. "పెళ్ళాం విషయమేనా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు లాజరూ. ఆరు వారాలుగా నువ్వు కథ చెప్పడం లేదు. రేవంతా ఆ మాటే అనుకుంటున్నారు. పోయిన గురువారమైతే పడవ తాళ్ళు నవ్వుకోడానికేం లేక బిగుసుకుపోయాయి."

తాళాలిచ్చాడు. వ్యాను కదిలేసరికి పదకొండు పిల్లులు వెంటపడ్డాయి. ఆ వ్యానులో వాసన అలాంటిది. కమానుల కింద నుంచి వెళ్తుంటే నాలుగు ఆగిపోయాయి. కొండ ఎక్కుతుంటే ఇంకో అయిదుకి ఆయాసం వచ్చింది. సెయింట్ సిలాస్ గుడి మలుపు దగ్గర ఎప్పట్లాగే శిలువ గుర్తు వేసుకుని వెనక అద్దంలో చూస్తే రెండు ఇంకా పరుగెత్తుతున్నాయి. వాటి పట్టుదల చూసి నాకు సిగ్గేసింది. పెళ్ళాం వెనక నేను అంత దూరం ఎప్పుడైనా పరుగెత్తానా?

ఆ మలుపు నుంచి కిందకి చూస్తే మా ఊరు మొత్తం అరచేతిలో పెట్టినట్టుంటుంది, కోట, రేవు, అవతల థాసోస్ దీవి. వచ్చినవాళ్ళని ఇక్కడ ఆపి, ఒకసారి గాలి వీస్తే మా పాద్రీ గారి గడ్డం ఊడి ఆ దీవి మీద పడిందని చెప్తుంటాను. ఇవాళ వెనక్కి తిరిగి చూడలేదు. అవతలి వాలులోకి దిగాను.

క్రినీదెస్ బురద స్నానాల ఆవరణలో, మల్బరీ చెట్టు నీడలో, నా ఎర్ర లాడా.

మీటరు చూడాల్సిన పని కూడా లేదు. పక్క సీటు వెనక్కి జరిపి ఉంది. వెనక సీట్లో రెండు ఖాళీ ట్రేలు, చక్కెర.

గేటు దగ్గరావిడ నన్ను పైకీ కిందకీ చూసింది. "బట్టలతో లోపలికి పోనివ్వం. మగాళ్ళది ఎడమ పక్క."

"నేను ఒకణ్ణి వెతుక్కోవడానికి వచ్చాను."

"వెతుక్కో. బురదలో వెతుక్కో."

ఏం చేస్తాను? బట్టలు విప్పి, నడుముకి తువ్వాలు చుట్టి దిగాను. మెడదాకా వెచ్చటి బూడిద రంగు బురద. అందులో నలభై మంది మగాళ్ళు, నలభై తలలు, అన్నీ ఒకే రంగు. ఎవడు ఎవడో వాణ్ణి కన్నతల్లి కూడా చెప్పలేదు.

"ప్రోద్రొమోస్!" అని అరిచాను.

మూడు తలలు "ఏం?" అన్నాయి. మా వైపు ఆ పేరు చాలా మందికుంది. దగ్గరికి ఈదుకుంటూ వెళ్ళి ముగ్గురి మీసాలూ తడిమాను. ఒకాయనకి చక్కిలిగింతలు పుట్టాయి. ఎవడూ మావాడు కాదు.

నా పక్కన ఒక పెద్దాయన, గొంతుని బట్టి డెబ్బై దాటినవాడు, "కొత్తా?" అన్నాడు.

"కొత్తే బాబాయ్."

"గురువారం వచ్చావ్, అదృష్టవంతుడివి. నేను శాంథి ఊరి నుంచి వస్తాను. మోకాళ్ళ కోసం అని మా పిల్లలకి చెప్తాను. మోకాలా, మన్నా! ఆవిడ కోసం."

"ఏ ఆవిడ?"

"నీకు తెలీదా? ఎర్ర కారులో వస్తుంది, ఆ కురాబియేల పొడుగాయనతో. స్నానాలు అయ్యాక అందర్నీ ఫిలిప్పీలోని పాత రాతి రంగస్థలం మెట్ల మీద కూర్చోబెట్టి కథలు చెప్తుంది. ఒరే నాయనా, పోయినవారం నవ్వీ నవ్వీ మా ఆవిడ కట్టుడు పళ్ళు ఊడి రెండు మెట్ల కిందకి దొర్లాయి."

నేను బురదలో ఆయన వైపు తిరిగాను.

"ఏం కథలు?"

"లాడా సముద్రంలో ఈదిన కథ. పాద్రీ గారి గడ్డం కథ. అవన్నీ మామూలుగా ఎవడో కవాలాలో చెప్తుంటాడట. కానీ ఈవిడ చెప్తే..." పెద్దాయన మాట వెతుక్కుని, దొరక్క, బురదలోంచి చెయ్యెత్తి వేళ్ళు ముద్దు పెట్టుకున్నాడు.

నిజం చెప్తున్నాను, నమ్మండి. మగాణ్ణి చూసి అసూయ పడ్డం నాకు అలవాటే. ఊళ్ళో ఎవడైనా అనతోలికి సంచి మోసినా నాకు పొట్టలో పీత కదుల్తుంది. కానీ ఆ క్షణాన కదిలింది పీత కాదు, దాని తాత. ఆమెని ఎవడో ముట్టుకున్నాడంటే వాడి మీసం పీకుతాను. ముసలాళ్ళ పళ్ళు ఊడేలా ఆమె నా కథలే చెప్పి నవ్వించిందంటే, నేను ఎవడి మీసం పీకాలి?

"ఎక్కడున్నారు ఇప్పుడు?"

"మొదటి జట్టు బస్సెక్కి వెళ్ళిపోయింది. ఈపాటికి మొదలెట్టే ఉంటుంది. కారు ఇక్కడ ఉంచి ఆవిడా బస్సులోనే... అదుగో, కాదు, కారు కూడా కదిలింది."

మల్బరీ చెట్టు వైపు చూశాను. నా లాడా తోక దీపాలు రోడ్డెక్కుతున్నాయి. పక్క సీట్లో పొడుగు తల ఒకటి, కప్పుకి తగలకుండా వంచుకుని.

కడుక్కోలేదు. బట్టలు కూడా వేసుకోలేదు. తువ్వాలుతో, బురదతో వ్యానెక్కాను. గేటు దగ్గరావిడ ఏదో అరిచింది. రోడ్డు మీద గాలి తగిలి బురద ఎండడం మొదలైంది. ఫిలిప్పీ శిథిలాల దాకా వచ్చేసరికి మోచేతులు మడవడం కష్టమైపోయింది. ముందు ద్వారం నుంచి పోతే నన్ను చూస్తారు. అందుకని వ్యాను కొండ వెనక మేకల దారిలో ఆపి, రాళ్ళు పట్టుకుని పాకి, రంగస్థలం పై వరస చివర ఉన్న ఒక విరిగిన రాతిస్తంభం పక్కన తేలాను. కదలకుండా నిలబడ్డాను. నన్ను నేను చూసుకున్నాను: బూడిద రంగు, నడుముకి గుడ్డ, పగుళ్ళు. రెండువేల ఏళ్ళ మనిషిలాగే ఉన్నాను.

కింద, మెట్ల మీద ముప్పై మంది ముసలీ ముతకా. నడుమ ఆ గుండ్రటి నేల మీద అనతోలి ఒక్కతే. ముందు వరసలో ప్రోద్రొమోస్, ఒళ్ళో ఖాళీ ట్రే, ఆ పొడుగు కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలీక పక్కకి మడిచి. వాడు ఆమెని చూస్తున్న చూపు నాకు అంత దూరం నుంచి కూడా కనిపించింది. పొయ్యిలో కురాబియే రంగు ఎప్పుడు తిరుగుతుందా అని చూస్తాడు చూడండి, ఆ చూపు.

ఆ రంగస్థలం కట్టినవాళ్ళు గొప్పోళ్ళు. కింద నిట్టూరిస్తే పై వరసలో చెవికి తగులుతుంది.

"మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అంది అనతోలి.

"బాగున్నాయమ్మా!"

"అయితే వినండి. ఇవాళ నా పెళ్ళి కథ. నన్ను మా నాన్న ఒక ఆక్టోపస్‌ని చూసి ఇచ్చేశాడు."

నవ్వులు. అది నా కథ. నా అన్నిటికంటే మంచి కథ. తొమ్మిది కిలోల ఆక్టోపస్ నా మెడకి ఎనిమిది చేతులూ చుట్టి పడవతో సహా థాసోస్ దాకా లాక్కుపోవడం, నేను దాంతో బేరమాడడం. ఆమె అంతా చెప్పింది. నా చేతులు ఎలా ఊపుతానో అలాగే ఊపింది. ఒక చెయ్యి ఎక్కువే ఊపింది. జనం పడీ పడీ నవ్వారు. నేను నవ్వాపుకోవడానికి పళ్ళు కొరుక్కుంటే చెంప మీది బురద టప్పున పగిలింది.

"ఇదంతా మా ఆయన చెప్పే కథ," అంది అనతోలి. "ఇప్పుడు నాది వినండి. ఉపవాసాలు మొదలయ్యే సోమవారం. పిల్లలంతా కొండ మీద గాలిపటాలు ఎగరేస్తున్నారు. మా తలుపు కొట్టారు. చూస్తే లాజరోస్, చేతిలో బుట్ట. మా నాన్న అందులోది కాల్పించి ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమల్లేదు. కరిగిపోయింది. ఆక్టోపస్ అలా కరగాలంటే ఏం చెయ్యాలి, చెప్పండి?"

"రాతికేసి కొట్టాలి!" అన్నారు ముప్పై మందీ.

"ఎన్నిసార్లు?"

"నలభై!"

"తర్వాత?"

"నురగ వచ్చేదాకా రుద్దాలి!"

"మా నాన్న నన్ను పిలిచి ఏమన్నాడో తెలుసా? 'ఇంత ఓపిక ఉన్నవాడు నిన్ను కూడా ఓపిగ్గా చూసుకుంటాడే' అన్నాడు. నాకు కాబోయే మొగుడి మొహం చూసి కాదు, ఆ ముక్క చూసి ఇచ్చాడు. సరే. పెళ్ళైన వారానికి మా ఆయన ఇంకో ఆక్టోపస్ తెచ్చాడు. వండాను. టైరు! ఆ మరుసటి వారం తెచ్చాడు. లారీ టైరు! మా ఆయన పది దెబ్బలు కొట్టేసరికి పక్కన ఎవడో ఒకడు దొరుకుతాడు, కబుర్లలో పడతాడు. ఇరవై రెండేళ్ళుగా నేను టైర్లు నములుతున్నా." ఆమె ఆగింది. "మరి ఆ మొదటిదాన్ని కొట్టిన చెయ్యి ఎవరిది?"

ఇక్కడ నేను మీకు ఒకటి చెప్పాలి. ఇన్ని వారాలుగా చెప్పలేదు. అడగలేదు మీరు.

ఆ సోమవారం పొద్దున్నే, పడవల మరమ్మతు చేసే చోటు అవతల రాళ్ళ మీద, ఆ ఆక్టోపస్‌ని పట్టింది ప్రోద్రొమోస్. కొట్టింది కూడా వాడే. నలభై, ఒక్కటి తగ్గకుండా, లెక్క పైకి చెప్తూ. నురగ వచ్చేదాకా రుద్దాడు. బుట్టలో పెట్టి, "కాస్త చూస్తుండరా, తెల్ల చొక్కా వేసుకుని వస్తాను. అనతోలి వాళ్ళింటికి వెళ్ళాలి" అన్నాడు. వాడు చొక్కా మార్చుకునేంతలో నేను బుట్ట ఎత్తాను. సాయంత్రం వాడికి, సీల్ జంతువొకటి నీళ్ళలోంచి వచ్చి బుట్ట ఎత్తుకుపోయిందిరా అని చెప్పాను. నమ్మాడు. నా మొట్టమొదటి గొప్ప కథ అదే. రెండు నెలల తర్వాత ఆ తెల్ల చొక్కాతోనే వచ్చి మా తలల మీద కిరీటాలు మార్చాడు.

ఆరు గురువారాలుగా నన్ను కాలుస్తున్నది పొడి చక్కెర కాదు. ఇది.

అయినా నా నోరు నా మాట ఎప్పుడు విన్నది కనక?

"అబద్ధం!" అని అరిచాను. "నలభై కొట్టాను!"

ముప్పై తలలు వెనక్కి తిరిగాయి. ఒకావిడ శిలువ గుర్తు వేసుకుంది. "విగ్రహం మాట్లాడుతోందే!" అని ఎవరో అన్నారు. తర్వాత చప్పట్లు. ఇదంతా కథలో భాగమే అనుకున్నారు. "శభాష్! వేషం బాగా కట్టాడు!"

అనతోలి చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. ఆశ్చర్యపోలేదు.

"అదుగో, మా ఆయన. ఎవరు లేపారు నిన్ను సమాధిలోంచి లాజరూ? కిందకి రా."

"రాను. నువ్వు అమ్మ దగ్గరికి అన్నావ్!"

"అన్నాను."

"ఆరు వారాలు! వీడితో!"

"వీడికి కంట్లో పొర వచ్చింది, కారు తోలలేడు. ట్రేలు నేను మోస్తున్నా. నీ కుంబారోస్‌కి కళ్ళు కనపడ్డం లేదని నీకు తెలుసా? తెలీదు. నువ్వు మాట్లాడతావ్, ఎవరినీ చూడవు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు వస్తావ్. వస్తే నువ్వే చెప్తావ్. మనింట్లో నేను మొదలెట్టిన కథ ఒక్కటైనా నా నోటితో పూర్తయిందా? నాకూ నోరుంది లాజరూ. ఆరు గురువారాలు దాన్ని వాడుకున్నా. నీకు కడుపుమంటగా ఉందా?"

"ఉంది!" అన్నాను. అది మాత్రం పచ్చి నిజం.

"దేనికి? వీడు పక్క సీట్లో కూర్చున్నందుకా, వీళ్ళు నవ్వినందుకా?"

దేనికో నాకు తెలుసు. రెండింటికీ. జనం చప్పట్లు ఆపేశారు. ఇది వేషం కాదని ఒక్కొక్కరికీ తెలుస్తోంది. ఒక ముసలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అనతోలి గొంతు పెంచలేదు. అక్కడ పెంచాల్సిన పని లేదు.

"ఒక్కటే అడుగుతా. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి నాకు కథ వద్దు. ఎవరు కొట్టారు?"

నేను ప్రోద్రొమోస్‌ని చూశాను. వాడు మసక కళ్ళతో పై వరస వైపు వెతుకుతున్నాడు, నా గొంతు ఏ రాయి దగ్గర్నుంచి వస్తోందా అని. వాడికి ఇంకా అర్థం కాలేదు. వాడి మొహంలో నా మీద అనుమానం అన్నది లేదు. దానికి కూడా నాకు అసూయ వేసింది.

"వాడే," అన్నాను. "ప్రోద్రొమోస్. పట్టిందీ వాడే, కొట్టిందీ వాడే. నీ కోసం. నేను బుట్ట మోశాను."

అందులో ఒక్క ముక్క కూడా కల్పన లేదు. మీరు నమ్మినా నమ్మకపోయినా.

ప్రోద్రొమోస్ చేతిలో ట్రే రాతి మీద పడి గింగిరాలు తిరిగింది. వాడు లేచాడు. లేస్తూనే ఉన్నాడు, అంత పొడుగు. ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ పైకి ఎక్కడం మొదలెట్టాడు. నేను పారిపోవచ్చు. మోకాళ్ళ దగ్గర బురద బిగిసిందని చెప్తే మీరు నమ్ముతారు కూడా. కానీ అది కారణం కాదు. కొట్టనీ అనుకున్నాను. నలభై కొట్టనీ.

వాడు వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఆయాసపడుతున్నాడు.

"సీల్ అన్నావు కదరా."

"అన్నాను."

"నేను వారం రోజులు ఆ సీల్ కోసం కాపు కాశాను."

"తెలుసు. నేనూ నీ పక్కనే కూర్చున్నాను."

వాడి చెయ్యి లేచింది. కళ్ళు మూసుకున్నాను. ఆ చెయ్యి నా భుజం మీద పడి, ఎండిన బురద పెళ్ళ ఒకటి ఊడదీసి, ఆగిపోయింది.

"మెత్తగా ఉందా?" అన్నాడు.

"ఏంటి?"

"వాళ్ళ నాన్న తిన్నప్పుడు. మెత్తగా ఉందా?"

"వెన్నలాగా," అన్నాను. "నమల్లేదు కుంబారే. కళ్ళు మూసుకున్నాడు."

వాడు నా పక్కన రాయి మీద కూలబడ్డాడు. చక్కెర అంటిన మీసం తుడుచుకున్నాడు. నేను ఏదో అనబోయాను. అప్పుడే కింద కారు తలుపు పడిన చప్పుడు. అది నా లాడా తలుపు, దాన్ని రెండుసార్లు లాగితే గానీ పడదు. అనతోలి మాకు చెప్పలేదు, జనానికి చెప్పలేదు. ఇంజన్ దగ్గింది, అందుకుంది.

"ఇంటికి పోతోంది," అన్నాను. "కోపం తగ్గాక మాట్లాడదాం. ఇద్దరం వెళ్దాం."

లాడా గేటు దాటి రోడ్డు మీద ఆగింది. అక్కడ కుడికి తిరిగితే కవాలా, మా ఇల్లు, వాళ్ళమ్మ ఇల్లు. ఎడమకి తిరిగితే ఉత్తరం, కొండలు, సరిహద్దు. అటు మాకు చుట్టం లేడు, చావు లేదు, పెళ్ళి లేదు. ఇరవై రెండేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఆ దారిన వెళ్ళలేదు.

లాడా ఎడమకి తిరిగింది.

"ఎటు తిరిగిందిరా?" అన్నాడు ప్రోద్రొమోస్, చెవి ఆ చప్పుడు వైపు పెట్టి. వాడికి అంత దూరం ఆనదు.

"కొండల వైపు."

వాడు ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

"వెళ్ళిపోతానంది గానీ, ఇవాళే అని నాకు చెప్పలేదే!" అన్నాడు.